ఓడకీ మనిషికీ ఒకటే మలాం

మా అమ్మమ్మ దగ్గర ఒక గుండ్రటి రేకు డబ్బా ఉండేది. అది మొదట్లో బిస్కట్లదో, పౌడరుదో ఎవరికీ తెలీదు. మూత మీది బొమ్మ చెరిగిపోయి ఎన్నాళ్ళయిందో. అందులో వెన్నలాంటి తెల్లటి మలాం ఉండేది. కాలిన చేతికీ, పగిలిన మడమకీ, పిల్లల సెగ్గడ్డలకీ, వేసవిలో చెమటకాయలు గోకి గోకి పుళ్ళు చేసుకుంటే వాటికీ, ఇంటిల్లిపాదికీ అదొక్కటే మందు. మాకే కాదు, బందరులో మా వీధి మొత్తానికీ అదే. "పిన్నిగారూ, కాస్త గుగ్గిలం మలాం పెడతారా?" అంటూ ఆకు ముక్కో, చిన్న గిన్నో పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు.

నాకు ఏడేళ్ళప్పుడు గంజి వారుస్తున్న తపేలాకి అడ్డంపడి ఎడమ చెయ్యి కాల్చుకున్నాను. అమ్మ ఏడుస్తోంది, నేను అంతకంటే గట్టిగా ఏడుస్తున్నాను. అమ్మమ్మ ఒక్కతే మాట్లాడకుండా డబ్బా మూత తీసింది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే. చల్లదనంతోబాటు ఆ వాసన కూడా. సాంబ్రాణి పొగకి దగ్గర చుట్టంలా ఉండేది. (ఇప్పుడైతే డాక్టర్లు కాలగానే ఏమీ పూయకండి, ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి అంటున్నారు. మీరు ఆ మాటే వినండి. నేను చెబుతున్నది వైద్యం కాదు, కథ.)

అది తయారుచేసే రోజు మాకు పండగే. అమ్మమ్మ తెల్ల గుగ్గిలం దంచి, వస్త్రకాయితం పట్టి, కాగిన నువ్వులనూనెలో వేసి కరిగించేది. వేడివేడిగా గుడ్డలో వడగట్టి, వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో చన్నీళ్ళు పోసి అందులో వంచేది. ఇక అరిచేత్తో మర్దించడం మొదలు. నీళ్ళు మార్చడం, మర్దించడం, మళ్ళీ నీళ్ళు మార్చడం. గోధుమరంగు జిగురులా ఉన్నది చూస్తుండగానే తెల్లబడి, నురగకట్టి, వెన్నముద్దయి కూచునేది. మాకది గారడీ. ఎంత గుగ్గిలానికి ఎంత నూనె, ఎన్నిసార్లు నీళ్ళు మార్చాలి అని ఎవ్వరం అడగలేదు. అమ్మమ్మ ఉన్నంతకాలం డబ్బా నిండుతూనే ఉండేది కాబట్టి అడగాలని తోచనే లేదు.

ఈ సోదంతా ఇప్పుడెందుకంటారా? చెబుతాను.

కొన్నాళ్ళ క్రితం బందరు రేవులో తెరచాప ఓడలు ఆగే కాలంలో జరిగే నవల ఒకటి రాద్దామని కూచున్నాను. మా ఊళ్ళో ఇంగ్లీషుపాలెం ఉంది, వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది. డచ్చివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ, ఫ్రెంచివాళ్ళూ వరసగా వచ్చి దిగిన గుర్తులవి. అంత కథ పెరట్లో పెట్టుకుని, ఎక్కడో కాశ్మీరులో కథానాయికని ఎందుకు పాడించాలి అనిపించింది. రెండో ప్రకరణంలో ఒక ఇంగ్లీషు ఓడ వైద్యుడు మందుల పెట్టెతో ఒడ్డున దిగుతాడు. పెట్టె తెరుస్తాడు. అక్కడ నా కలం ఆగిపోయింది. ఆ పెట్టెలో ఏముంటుంది? ఏదో "సీసాలూ, పొట్లాలూ" అని రాసి దాటేయొచ్చు. కానీ ఇల్లు నడిపే ఆడది ఒక పెట్టె తెరిచి అందులో ఏముందో చూడకుండా మూస్తుందా? లైబ్రరీకి వెళ్ళాను. నవల అక్కడే ఉండిపోయింది, నేను ఆ పెట్టెలో పడ్డాను.

ఇంగ్లీషువాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చి మొదట నిజాంపట్నంలోనూ, ఆ వెంటనే బందరులోనూ దిగారు. దాదాపు అదే సమయంలో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ జాన్ వుడాల్ అనే ఆయన్ని సర్జన్ జనరల్‌గా పెట్టుకుంది. తూర్పుకి వెళ్ళే ప్రతి ఓడకీ మందుల పెట్టె సర్దించడం ఆయన పని. ఓడమీద వెళ్ళే కుర్ర వైద్యులకి ఏ మందు దేనికో తెలియదని గ్రహించి 1617లో "సర్జన్స్ మేట్" అని ఒక పుస్తకమే రాశాడు. అత్తారింటికి వెళ్ళే పిల్లకి తల్లి సారె సర్ది, ఏ డబ్బాలో ఏముందో చీటీ రాసి ఇచ్చినట్టుంటుంది అది. కత్తెరలూ, రంపాలూ, సూదులూ అయ్యాక మలాంలు మొదలవుతాయి. గులాబీ నూనె, గులాబీ తేనె, సీసపు తెల్లపొడి కలిపిన తెల్ల మలాం, పాదరసం కలిపిన మలాం (అది ఏ రోగానికో చెప్పను, రేవులన్నీ తిరిగే మగవాళ్ళ రోగమని ఊహించుకోండి), పాప్లార్ చెట్టు మొగ్గల్ని పంది కొవ్వులో కాచి, గసగసాల మొక్క ఆకులూ మరికొన్ని మత్తు ఆకులూ వేసి చేసిన పచ్చ మలాం. ఈ చివరిది కాలిన గాయాలకీ, మంటలకీ. పాప్లార్ మొగ్గల్లో ఆస్పిరిన్‌కి చుట్టమైన పదార్థం ఉందని తరవాతెప్పుడో తేలింది.

వీటన్నిటికీ పెద్దన్న లాంటి మలాం ఒకటుంది. దాని పేరు బాసిలికాన్. గ్రీకు మాట, రాజుగారి మలాం అని అర్థం. రెండు వేల ఏళ్ళనాటి రోమన్ వైద్య గ్రంథాల్లోనే ఉంది. నాలుగే సరుకులు: మైనం, గుగ్గిలం లాంటి చెట్టు బంక, తారు, కొవ్వో నూనో. కరిగించి కలపడమే. పుండు మీద పరిచి పట్టీ వేస్తే చీము లాగేస్తుందని నమ్మకం. ఆ నాలుగు పేర్లూ చదువుతుంటే, చెబితే నమ్మరు, లైబ్రరీలో ఆ కర్రకుర్చీలో కూచున్న నాకు ఒక్కసారిగా అమ్మమ్మ డబ్బా వాసన వచ్చింది. బంకా, నూనే కదా. వాళ్ళు మైనంతో గట్టిపరిచారు, మా అమ్మమ్మ నీళ్ళతో మర్దించి తెల్లబరిచింది. అంతే తేడా.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ పక్క బీరువాలో ఓడలు కట్టే పద్ధతుల మీద ఒక లావుపాటి పుస్తకం కనపడింది. తెరచాప ఓడ అంటే కొయ్య. చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లో నార కూరి, దాని మీద కాగే తారు పోసేవారు. నీళ్ళలో మునిగి ఉండే అడుగుభాగానికి పురుగు పట్టకుండా ఇంకో పూత. దాన్ని "తెల్ల పూత" అనేవారు. అందులో తిమింగలం నూనె, బంక, గంధకం. నల్ల పూత అంటే తారు. ఈ జాబితా పక్కన మందుల పెట్టె జాబితా పెట్టుకుని చూశాను. బంక, తారు, కొవ్వు. ఇక్కడా అవే, అక్కడా అవే. ఓడ అడుక్కి గంధకం, నూనె. నావికులకి గజ్జి పడితే పంది కొవ్వులో గంధకం. ఓడకి చిల్లు పడితే వడ్రంగి ఏ సరుకుతో పూడుస్తాడో, నావికుడి ఒంటికి చిల్లు పడితే వైద్యుడూ దాంతోనే పూడుస్తున్నాడు! ఇంగ్లీషులో నావికుణ్ణి ముద్దుగా "టార్" అని, అంటే తారు అనే, పిలిచేవారు. చేతులకి ఎప్పుడూ అదే అంటుకుని ఉండేదిట మరి.

పాపం, వాళ్ళ చర్మానికి పడని కష్టం లేదు. తడి తాడు అరచేతుల్లోంచి సర్రున జారితే తోలు ఊడొచ్చేది. ఉప్పునీళ్ళలో నానిన కోటు మెడ దగ్గరా మణికట్ల దగ్గరా ఒరుసుకుని ఒరుసుకుని కురుపులు లేచేవి. మంచినీళ్ళు తాగడానికే చాలవు, బట్టలెవరు ఉతుకుతారు? ఉప్పునీళ్ళలో జాడించి ఆరేసిన బట్ట ఎండినా చెమ్మగానే ఉంటుంది. సముద్రం పక్క ఊళ్ళో పుట్టినదాన్ని, ఆ చిరచిర నాకు తెలుసు. ఒక్క సాయంత్రం అలల్లో ఆడి వచ్చి మంచినీళ్ళు పోసుకోకుండా పడుకుంటే రాత్రంతా నిద్రపట్టదు. వాళ్ళు అలా ఏడాదీ, రెండేళ్ళూ.

ఇంతకీ ఈ మలాంలు కనిపెట్టిందెవరు? పుస్తకాల మీద మగవాళ్ళ పేర్లే ఉన్నాయి. కానీ ఆ రోజుల్లో ఇంగ్లండులో ఏ కాస్త కలిగిన ఇంట్లోనైనా మందులు కాచే పని ఇల్లాలిదే. గులాబీ నీరు తీయడం, మైనం కరిగించడం, పూలు నూనెలో ఊరెయ్యడం. వంటల పుస్తకంలోనే ఒక పేజీలో కేకూ, వెనక పేజీలో కాలిన పుండుకి మలామూ రాసుకునేవారు. తల్లి పుస్తకం కూతురికి వచ్చేది, కూతురు కింద ఇంకో రెండు చేర్చేది. కెంట్ జమీందారిణి ఎలిజబెత్ గ్రే రాసుకున్న అలాంటి మందుల పుస్తకం ఆవిడ పోయాక 1653లో అచ్చయి, ఎన్నోసార్లు మళ్ళీ మళ్ళీ వేయాల్సివచ్చింది. ఓడ పెట్టెలోని సీసాలు మందుల దుకాణం నుంచి వచ్చినా, ఆ విద్య సగం వంటింటి పొయ్యిమీద పుట్టిందే.

మరి ఓడమీద ఆడవాళ్ళు ఉండేవారా అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. వెతగ్గా వెతగ్గా ఒకామె దొరికింది, ఫ్రెంచి మనిషి. పేరు జాన్ బారె. 1740లో బర్గండీలో పేదింట్లో పుట్టింది. కమర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి ఇంట్లో పనిచేసేది. 1766లో బూగన్‌విల్ అనే కెప్టెన్ రెండు ఓడలతో భూమి చుట్టిరావడానికి బయల్దేరినప్పుడు కమర్సన్‌కి పిలుపు వచ్చింది. ఓడమీదికి ఆడవాళ్ళని రానివ్వరు. ఈవిడ గుండెలకి గుడ్డ బిగించి కట్టుకుని, మగ నౌకరు వేషం వేసుకుని ఎక్కేసింది! కమర్సన్‌కి కాలిమీద మానని పుండు. దానికి పట్టీలు కట్టడం, ఆయన వెళ్ళలేని కొండలెక్కి మొక్కలు పీక్కురావడం, బరువులు మొయ్యడం అన్నీ ఆమె పనే. బ్రెజిల్ రేవులో వాళ్ళు సేకరించిన ఒక తీగకి కెప్టెన్ పేరు పెట్టారు. మన ఇళ్ళ ప్రహరీల మీద పాకే కాగితం పూల తీగ అదే. 1768లో తాహితీ దీవి చేరేసరికి గుట్టు రట్టయింది. తరవాత ఆ దంపతుల్లాంటి ఇద్దరూ మారిషస్‌లో దిగిపోయారు, 1773లో ఆయన అక్కడే పోయాడు. ఆమె ఇంకొకర్ని పెళ్ళాడి, ఫ్రాన్సు చేరి, భూప్రదక్షిణ పూర్తిచేసిన మొట్టమొదటి స్త్రీ అయింది. 1785లో ఏడాదికి 200 లీవ్రల పింఛను ఇచ్చారు. కెప్టెన్ పేరు మీద కాగితం పూలు వీధివీధినా పూస్తున్నాయి. ఈమె పేరు ఒక మొక్కకి నిలిచింది 2012లో. అది వంకాయ జాతి మొక్క అని చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సరే, మలాం దగ్గరికి వద్దాం. ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది.

ఓడ ఒడ్డు వదిలి రెండు మూడు నెలలయ్యేసరికి నావికుల ఒంటిమీద కొత్తరకం పుళ్ళు కనబడేవి. ముందు నీరసం. తరవాత కాళ్ళమీద నీలంరంగు మచ్చలు. చిగుళ్ళు వాచి, కుళ్ళి, పళ్ళు కదిలేవి. చిన్న గీత పడితే మానేది కాదు. దీన్నే స్కర్వీ అన్నారు. వైద్యుడు పెట్టె తెరిచి రాజుగారి మలాం పూసేవాడు. పచ్చ మలాం పూసేవాడు. పట్టీ మీద పట్టీ. మానలేదు సరిగదా, మానిపోయిన పాత గాయాలు తెరుచుకునేవి! ఇది నేను కల్పించి రాస్తున్నది కాదు. 1740లో ఆన్సన్ అనే ఇంగ్లీషు సేనాపతి ఆరు యుద్ధనౌకలతో బయల్దేరాడు. దక్షిణ అమెరికా కొస తిరిగేసరికి స్కర్వీ పట్టుకుంది. ఆ యాత్రలో వెయ్యిమందికి పైగా పోయారు. శత్రువు చేతిలో పోయినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ ఓడలో ఒక ముసలి సైనికుడుండేవాడు. 1690లో ఐర్లండులో బాయిన్ యుద్ధంలో తగిలిన గాయాలు అతనికి ఎప్పుడో మానిపోయాయి. యాభై ఏళ్ళ తరవాత, నడిసముద్రంలో, అవి అప్పుడే తగిలినట్టు విచ్చుకున్నాయి. విరిగి అతుక్కున్న ఎముక కూడా ఊడిపోయింది. 1748లో అచ్చయిన ఆ యాత్ర కథలో ఉంది ఇది. చదివాక నేను పుస్తకం మూసి కాసేపు నా ఎడమచేతి మీది మచ్చ కేసి చూస్తూ కూచున్నాను.

దీనికి కారణం మనకిప్పుడు తెలుసు. గాయం మానడమంటే ఒకసారి కుట్టి వదిలేసిన చిరుగు కాదు. ఆ చోట కొల్లాజెన్ అనే నారలాంటి పదార్థాన్ని శరీరం ఎప్పటికప్పుడు కొత్తగా నేసుకుంటూనే ఉండాలి. ఆ నేతకి విటమిన్ సి కావాలి. అది లేకపోతే నేత ఆగుతుంది, పాత కుట్లు ఊడతాయి. ఓడ కొయ్య కాబట్టి బయట పూస్తే సరిపోయింది. మనిషి కొయ్య కాడే!

జేమ్స్ లిండ్ అని స్కాట్లండు వైద్యుడు 1747 మే నెలలో సాలిస్‌బరీ అనే యుద్ధనౌక మీద ఒక పరీక్ష చేశాడు. స్కర్వీ వచ్చిన పన్నెండుమందిని ఏరి, ఒకేచోట పడుకోబెట్టి, ఒకే తిండి పెట్టి, ఇద్దరిద్దరికి ఒక్కో మందు ఇచ్చాడు. ఇద్దరికి ఆపిల్ సారా. ఇద్దరికి నీళ్ళలో గంధకామ్లం చుక్కలు. ఇద్దరికి వెనిగర్. పాపం ఇంకో ఇద్దరికి సముద్రపు నీళ్ళు. ఇద్దరికి రోజుకి రెండు నారింజలూ ఒక నిమ్మకాయా. ఆఖరి ఇద్దరికి ఎవరో పెద్దాసుపత్రి వైద్యుడు చెప్పిన లేహ్యం, జాజికాయంత. అందులో ఏముందనుకున్నారు? వెల్లుల్లి, ఆవాలు, ఒక ఘాటైన దుంప, బోళం, పెరూ దేశపు బంక. పైన తాగడానికి చింతపండు పిండిన బార్లీ జావ. మన వంటిల్లు సగం అందులోనే ఉంది! ఆవపెట్టిన పులుసు లాంటిదే కదా అని నాకెంతో ఆశ కలిగింది, గెలుస్తుందని. గెలవలేదు. చింతపండులో పులుపుందే గాని విటమిన్ సి దాదాపు లేదు. పళ్ళు తిన్నవాళ్ళలో ఒకడు ఆరు రోజులకల్లా పనిలోకి వెళ్ళాడు. రెండోవాడు లేచి మిగిలినవాళ్ళకి సేవ చేశాడు. ఆరు రోజులకే పళ్ళు అయిపోయాయి కూడా.

అంత స్పష్టంగా తేలాక ఇంకేం, మర్నాటి నుంచి ఓడ ఓడకీ నిమ్మకాయల బస్తాలు ఎక్కించి ఉంటారనుకుంటాం. అబ్బే. 1753లో లిండ్ అచ్చువేసిన పెద్ద గ్రంథంలో ఈ పరీక్షకి దక్కిన చోటు కొద్ది పేజీలే. పైగా పళ్ళు ఓడలో నిలవుండవు కదా అని ఆయన ఒక ఉపాయం చెప్పాడు. నిమ్మరసం, నారింజరసం పిండి, వెడల్పాటి గిన్నెలో పోసి, ఆ గిన్నెని వేడినీళ్ళలో నిలబెట్టి గంటల తరబడి సన్నసెగన మరిగించి, పాకం చేసి సీసాల్లో దాచమన్నాడు.

ఇది చదవగానే నా నోటివెంట "అయ్యో రామ!" అని గట్టిగానే వచ్చేసింది. ఎదురుగా పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి తలెత్తి చూశాడు. నిమ్మకాయ పులిహోర చేసే ఏ పిల్లనైనా అడగండి. "నిమ్మరసం పొయ్యిమీద పొయ్యకే, దించాక పిండు, లేకపోతే చేదెక్కి చస్తుంది" అని మా అమ్మ నా వెనకనుంచి అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. సెగ తగిలితే నిమ్మరసానికి రుచీ పోతుంది, గుణమూ పోతుంది. అంత పెద్ద వైద్యుడు, అంత చక్కటి పరీక్ష చేసినవాడు, చివరికి మందుని పొయ్యిమీద పెట్టి చంపేశాడు. ఆ పాకం తాగినవాళ్ళకి రోగం తగ్గలేదు. అలా నిమ్మకాయ మీదే నమ్మకం పోయింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయనకి విటమిన్ల సంగతి తెలిసే రోజులు కావవి. కానీ చేదెక్కిన రసం నాలిక మీద పెట్టుకుని చూసిన వంటమనిషి ఒక్కతి పక్కనుంటే, కనీసం "బాబుగారూ, ఇది పాడైంది" అని చెప్పి ఉండేది.

ఇంకా బాధాకరమైనది ఇంకోటుంది. ఈ నిమ్మకాయ సంగతి లిండ్‌కి నూటయాభై ఏళ్ళ ముందే తెలుసు. 1601లో ఈస్టిండియా కంపెనీ మొట్టమొదటి యాత్రకి లాంకాస్టర్ నాయకుడు. నాలుగు ఓడలు. తన ఓడ రెడ్ డ్రాగన్‌లో మాత్రం నిమ్మరసం సీసాలు పెట్టించుకున్నాడు. ప్రతి మనిషికీ పొద్దున్నే పరగడుపున మూడు చెంచాలు. ఆఫ్రికా కొస దగ్గర లంగరు వేసేసరికి మిగిలిన మూడు ఓడల్లోనూ మనుషులు రాలిపోయి, ఉన్నవాళ్ళకి తెరచాప దించే ఓపిక లేదు. రెడ్ డ్రాగన్ వాళ్ళు వెళ్ళి సాయంచేస్తే గాని నిలబడలేకపోయారు. వుడాల్ కూడా తన పుస్తకంలో నిమ్మరసం, నారింజ, చింతపండు అన్నీ రాశాడు. స్కర్వీకి మంచి ఆకులు మన దేశంలో బోలెడున్నాయి గాని అవి నేలమీద ఉన్నవాడికే పనికొస్తాయి, నడిసముద్రంలో ఎండిన ఆకు ఏం చేస్తుంది అనే ధోరణిలో వాపోయాడు. అచ్చులో ఉంది. అయినా మరిచిపోయారు. నిమ్మకాయలు ఖరీదు, గంధకామ్లం చవక, అదీ పుల్లనే కదా! నావికాదళం నిమ్మరసం తప్పనిసరి చేసింది 1795లో. అంతకు ముందు ఏడాదే లిండ్ పోయాడు. ఆ తరవాతైనా బుద్ధిగా ఉన్నారా అంటే, పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో పెద్ద నిమ్మకాయలు మాని, వెస్టిండీస్ నుంచి మన నిమ్మకాయలాంటి చిన్నవి తెప్పించారు. వాటిలో బలం తక్కువ, నిలవ రసంలో ఇంకా తక్కువ. 1875లో ఉత్తరధ్రువం వైపు వెళ్ళిన యాత్రలో మళ్ళీ స్కర్వీ. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, మూడువందల ఏళ్ళలో ఎన్నిసార్లు నేర్చుకుని ఎన్నిసార్లు పారేసుకున్నారో!

వాళ్ళని ఆడిపోసుకుంటున్నాను గాని, రేకు డబ్బా గుర్తొచ్చి నా నోరు మూతపడింది.

అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆవిడ పోయిన ఏడాదికి డబ్బా ఖాళీ అయింది. అమ్మని అడిగితే, "ఏమోనే, నేనెప్పుడూ గుడ్డ పట్టుకుని వడగట్టడమే గాని పాళ్ళు చూడలేదు" అంది. గుగ్గిలం దేన్నించి వస్తుందో కూడా నాకు తెలియదని అప్పుడే తెలిసింది. మళ్ళీ పుస్తకాలే గతి. చిత్రం చూడండి, జవాబు చెప్పినవాడు కూడా ఒక ఓడ వైద్యుడే. విలియం రాక్స్‌బర్గ్. కంపెనీ ఓడల్లో వైద్యుడి సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసులో కుదురుకుని, 1781లో మన సామర్లకోట వచ్చాడు. పన్నెండేళ్ళు అక్కడే ఉండి గోదావరి ప్రాంతం చెట్టూ చేమా పరిశీలించాడు, దేశీ చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు. అంతకంటే మంచిపని, ఇక్కడి మనుషుల్ని అడిగి ప్రతి చెట్టుకీ తెలుగు పేరు రాసుకున్నాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన ఆయన కోరమాండల్ తీరం మొక్కల పుస్తకంలో మూడువందల బొమ్మలున్నాయి. ఓడలవాళ్ళు జ్వరాలకి ఎక్కడో పెరూ నుంచి తెప్పించుకునే బెరడుకి బదులు మన సోమిద చెట్టు బెరడు వాడి చూడమన్నది ఆయనే. ఆ చెట్టు శాస్త్రీయనామంలో ఇప్పటికీ మన "సోమిద" మాటే ఉంది. గుగ్గిలం కారే సాల వృక్షం కూడా ఆయన పుస్తకంలో ఉంది. దాని ప్రజాతికి అప్పటి గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు కలిసేట్టు షోరియా అన్నారు. ఆ చెట్టు బంకని రేవుల్లో ఓడల బాగుచేతకి తారుకి బదులు వాడేవారట.

అంటే మా అమ్మమ్మ నా చేతికి రాసింది, రేవులో ఓడకి పూసిందీ ఒకే చెట్టు బంక.

మొన్న వేసవిలో బందరు వెళ్ళినప్పుడు పచారీ కొట్లో పావుకిలో తెల్ల గుగ్గిలం కొన్నాను. "పూజకా అమ్మా?" అన్నాడు కొట్టతను. నూనె కాచి, కరిగించి, ఆ ఇత్తడి పళ్ళెమే పైనుంచి దింపించి మొదలుపెట్టాను. మొదటిసారి జిగురై వేళ్ళకి అతుక్కుపోయింది, కిరసనాయిలు పెట్టి వదిలించుకోవలసివచ్చింది. రెండోసారి నూనె ఎక్కువై నీళ్ళమీద తేలింది. అమ్మ కుర్చీలో కూచుని చూస్తోంది. ఆవిడకిప్పుడు చాలా సంగతులు గుర్తుండటం లేదు. మూడోసారి నేను నీళ్ళు మార్చబోతుంటే ఉన్నట్టుండి, "అప్పుడే వంపకే. చెయ్యి చల్లబడ్డాక వంపాలి. అమ్మ అలాగే చేసేది" అంది.

చెయ్యి చల్లబడేదాకా ఆగాను. నాలుగు నీళ్ళు మార్చేసరికి అంచుల్లో కాస్త తెల్లబడింది. లేచి, తడిచేత్తోనే అమ్మాయి నోటుబుక్కు లాక్కుని రాశాను: గుగ్గిలం ఒక పాలు, నూనె రెండు పాళ్ళు, నీళ్ళు చెయ్యి చల్లబడ్డాక మార్చాలి.